నాణెం అదే, అంకె మారింది

అమెరికా నాణేల సేకర్తల లోకంలో నాలుగు దశాబ్దాలుగా ఒక విచిత్రమైన న్యాయం చెల్లుబాటవుతోంది. నాణెం విలువను నాణేన్ని చూసి చెప్పరు. దాన్ని బిగించిన ప్లాస్టిక్ పెట్టె మీది చీటీని చూసి చెబుతారు. ఆ చీటీ మీద ఒక అంకె ఉంటుంది. ఆ అంకె వేసేవి వేళ్ల మీద లెక్కించదగిన కొద్దిపాటి వ్యాపార సంస్థలు. అవి తమ నియమాలను మార్చుకున్నప్పుడల్లా, లోపలి లోహం ఇసుమంతైనా మారకపోయినా, దాన్ని దాచుకున్నవాడి ఆస్తి పెరుగుతుంది లేదా తరుగుతుంది. సేకర్త తన కంటిని పరాయివాడి వద్ద తాకట్టు పెట్టాడనీ, ఆ తాకట్టు షరతులను అవతలివాడు తన ఇష్టం వచ్చినట్లు తిరగరాస్తున్నాడనీ, ఆ గాలి మన దేశానికీ సోకిందనీ చెప్పడానికే ఈ టపా.

తెలుగు పండితుడికి డాలర్ల గొడవ ఎందుకని మిత్రులు అడగవచ్చు. ముప్ఫై ఏళ్లకు పైగా జవాబు పత్రాలకు మార్కులు వేసినవాణ్ణి. అంకె వేసేవాడికి ఉండవలసిన నియమమేమిటో, ఆ అంకె పడేవాడికి అది ఎంత బరువో నాకు తెలుసు. పైగా శాసనాలూ నాణేలూ లేకపోతే మన భాషాచరిత్రలో తొలి పుటలే ఉండవు. కనుక నాణేన్ని చదవవలసిన వస్తువుగా కాక, అంకె వేసి అమ్మవలసిన సరుకుగా మార్చే పద్ధతిని గూర్చి మాట్లాడే హక్కు నాకున్నదనే అనుకుంటున్నాను.

ముందు ఈ అంకె పుట్టుక చూద్దాం. 1949లో విలియం షెల్డన్ అనే ఆయన అమెరికా తొలినాటి పెద్ద రాగి సెంట్ల గురించి ఒక గ్రంథం రాశాడు. అందులో 1 నుండి 70 వరకు ఒక కొలబద్ద పెట్టాడు. ఆయన ఉద్దేశం చాలా సూటిగా ఉంది: 70 అంకె గల నాణెం, అదే రకపు 1 అంకె గల నాణేనికి 70 రెట్లు ధర పలకాలి. అంటే అది పుట్టినప్పుడే ధరల కొలబద్ద. ఒక్క రకం రాగి సెంట్లకు, ఆనాటి సంతకు సరిపడేటట్లు అల్లినది. ఆ ధరల సూత్రం కొద్ది ఏళ్లకే పనికిరాకుండా పోయింది. అంకెలు మాత్రం మిగిలాయి. 1977లో అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ ఆ కొలబద్దనే తన ప్రమాణంగా తీసుకుని వెండికీ బంగారానికీ అన్నిటికీ వర్తింపజేసింది.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. ఈ షెల్డనే అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోని మేలురకం సెంట్లను కాజేసి, వాటి స్థానంలో తక్కువ రకం వాటిని పెట్టాడని ఆయన మరణానంతరం బయటపడింది. ఏ నాణెం మేలో ఏది తక్కువో లోకానికి నేర్పినవాడు ఆ నేర్పును దేనికి వాడుకున్నాడో చూడండి. కొలబద్ద దోషం కాదిది, నిజమే. అయితే కొలిచేవాడి మీద నిఘా ఎందుకుండాలో చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ రంగంలోకి దిగాయి. నాణేన్ని పంపితే అసలుదో నకిలీదో తేల్చి, గ్రేడు వేసి, తెరిస్తే తెలిసిపోయేలా గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి తిరిగి పంపుతాయి. దీన్ని వాళ్లు స్లాబు అంటారు. మన ఇంటి పైకప్పు స్లాబు వానకు కారినా మేస్త్రీని నిలదీయవచ్చు. ఈ స్లాబు విషయంలో ఆ సదుపాయం కూడా అంతంత మాత్రమే. ఆనాటి అవసరం మాత్రం నిజమైనదే. అమ్మేటప్పుడు ఒక గ్రేడు, కొనేటప్పుడు మరొక గ్రేడు చెప్పే వర్తకుల బారి నుండి మామూలు సేకర్తను కాపాడడానికి మూడో మనిషి ఒకడు కావలసివచ్చాడు. ఆ మేరకు ఈ సంస్థలు ఉపకారమే చేశాయి. కాని కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన సామెత తరువాతి కథకు సరిగ్గా సరిపోతుంది.

షెల్డన్ కొత్త నాణేలకు 60, 65, 70 అని మూడే మెట్లు పెట్టాడు. తరువాత అవి 60 నుండి 70 దాకా పదకొండు మెట్లయ్యాయి. 2010లో రెండు సంస్థలూ ప్లస్ గుర్తును ప్రవేశపెట్టాయి. 64కూ 65కూ నడుమ 64 ప్లస్ వచ్చింది. ఆ రోజు వరకు తన పెట్టెలో మంచి 64 ఉందని తృప్తిగా నిద్రపోయినవాడికి మరునాటి ఉదయం ఒక సందేహం పుట్టింది: ఇది వట్టి 64యా, ప్లస్ రాదగిన 64యా? ఆ సందేహం తీరాలంటే మళ్లీ నాణేన్ని పంపాలి, మళ్లీ రుసుము కట్టాలి, రానూపోనూ తపాలా ఖర్చూ బీమా ఖర్చూ భరించాలి. పంపకపోతే కొనేవాడు 'ప్లస్ లేదు కదా' అని ధర కోస్తాడు. ఎవరూ నాణేన్ని తాకలేదు. ఒక గుర్తు పుట్టినందుకే వేలాది పాత పెట్టెలు ఒక్కసారిగా పాతబడిపోయాయి. ఒక్క మెట్టు తేడాకు ధరలు ఎలా దూకుతాయో తెలిసినవారికి ఇది చిన్న విషయంగా తోచదు. 1881లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ముద్రించిన మోర్గన్ డాలరు ఎక్కడ పడితే అక్కడ దొరికే నాణెం. అది 65లో వందల డాలర్లలో ఉంటే, 68లో వేలలోకి పోతుంది. తేడా చూపమంటే భూతద్దంతోనూ తడుముకోవలసిందే.

లోపాలున్న నాణేల సంగతి మరీ చిత్రం. కడిగినవి, గీతలు పడినవి, మరమ్మతు చేసినవి వస్తే పీసీజీఎస్ మొదట్లో గ్రేడు వేయక, పెట్టెలో పెట్టక, ఉత్త సంచిలో వేసి తిప్పి పంపేది. సేకర్తలు దానికి శవాన్ని చుట్టే సంచి పేరు పెట్టుకుని 'బాడీ బ్యాగ్' అన్నారు. తరువాతి కాలంలో ఆ విధానం మారింది. అదే లోపమున్న నాణేన్ని అంకె లేకుండా, లోపం పేరు రాసి, పెట్టెలో పెట్టి పంపుతున్నారు. ఇది మంచి మార్పే కదా అంటారేమో. మంచిదే. అయితే నిన్న సంచిలో తిరిగివచ్చిన నాణేన్ని సిగ్గుపడి సగం ధరకు అమ్ముకున్నవాడికి నేటి విధానం ఏమి సమాధానం చెబుతుంది?

చైనా వర్తకుల ముద్రల ఉదంతం ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1870లలో అమెరికా తూర్పుదేశాల వ్యాపారం కోసం ట్రేడ్ డాలర్లు ముద్రించింది. చైనా వర్తకులు వాటిని పరీక్షించి, వెండి మంచిదేనని తమ ముద్ర కొట్టేవారు. మన సరాబులు రూపాయల మీద కొట్టిన ముద్రల వంటివే అవి. చాలాకాలం ఆ ముద్ర ఉన్న డాలరు గ్రేడింగు సంస్థకు దెబ్బతిన్న నాణెం. ఆ తరువాత పీసీజీఎస్ దాన్ని ఒక ప్రత్యేక రకంగా గుర్తించి అంకె వేయసాగింది. ముద్ర అదే, డాలరు అదే. ఒకనాడు మచ్చ, మరొకనాడు అలంకారం. చరిత్ర ఎరిగిన సేకర్తకు అది మొదటినుండీ అలంకారమే. ఆ మాట తన నోటితో తానే చెప్పగల స్థితిలో ఉండికూడా అతడు సంస్థ అనుమతి కోసం ఎదురుచూశాడు. నా ఫిర్యాదు సగం సంస్థ మీద, సగం అతని మీద.

హామీల సంగతి చూడండి. రాగి నాణెం ఎర్రగా ఉన్నకొద్దీ ధర ఎక్కువ. అందుకే ఎరుపు, ఎరుపు-గోధుమ, గోధుమ అని చీటీ మీద రాస్తారు. రాగి కాలక్రమాన రంగు మారుతుందని మన ఇళ్లలో బిందెలు తోమే ప్రతి ఇల్లాలికీ తెలుసు. పీసీజీఎస్ ఆ రంగుకు హామీ ఇచ్చింది, తరువాత 2010 జనవరి 1 నుండి గ్రేడు చేసే రాగికి ఆ హామీ వర్తించదని ప్రకటించింది. పాతవాటికి పాత హామీ ఉంచినందుకు సంతోషమే. కాని ఇప్పుడు ఒకేలా కనబడే రెండు పెట్టెలకు రెండు వేరువేరు హక్కులు. చీటీ మీద పరీక్ష జరిగిన తేదీ రాయరు. ఏ పెట్టె ఏ కాలానిదో ప్లాస్టిక్ అంచులనూ, చీటీ రంగునూ బట్టి ఊహించుకోవలసినదే. హామీపత్రం మీద తేదీ లేని వ్యవహారాన్ని మన పల్లెలో వడ్డీవ్యాపారి కూడా ఒప్పుకోడు.

'ఫస్ట్ స్ట్రైక్' అనే చీటీని తలచుకుంటే నవ్వు వస్తుంది. పేరు వింటే మొట్టమొదట ముద్రించిన నాణెమని అర్థమవుతుంది కదా. నిర్వచనం చూస్తే, విడుదలైన తొలి 30 రోజులలో తమకు అందిన నాణెమని ఉంటుంది. ఏ నాణెం ముందు ముద్రించారో ఏది వెనుక ముద్రించారో తాము లెక్క పెట్టుకోమని అమెరికా టంకశాలే చెప్పింది. పదానికి వాచ్యార్థమొకటి, వ్యాపారార్థమొకటి. మా అలంకారశాస్త్రంలో లక్షణ, వ్యంజన అని వృత్తులున్నాయి గాని, కొనేవాణ్ణి భ్రమింపజేసే ఈ వృత్తికి పేరు లేదు.

ఈ మార్పులన్నిటికీ సేకర్తలు ఎలా స్పందించారో చూస్తే నా వాదానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. పీసీజీఎస్ తొలినాటి పెట్టెలలో నాణెం కదిలి గలగల శబ్దం చేసేది. వాటిని 'రాట్లర్' అంటారు. ఆనాడు గ్రేడు కఠినంగా వేసేవారన్న నమ్మకంతో ఆ పాత పెట్టెలకే ఇప్పుడు అదనపు ధర చెల్లిస్తున్నారు. ఎన్‌జీసీ తొలినాటి నల్లని పెట్టె ఒకటి దొరికితే లోపలి నాణేన్ని పట్టించుకోకుండా పెట్టె కోసమే కొనేవారున్నారు. ఒకే సంస్థ వేసిన ఒకే అంకెకు కాలాన్ని బట్టి రెండు ధరలుంటే ఆ అంకె ప్రమాణమని ఎవరు అనగలరు? నాణేల సేకరణ పెట్టెల సేకరణగా మారడం కన్న పతనం ఇంకేముంటుంది?

అంతటితో ఆగలేదు. 2007లో సీఏసీ అనే మరొక సంస్థ వచ్చింది. స్థాపకుడు జాన్ అల్బనీస్, పీసీజీఎస్ వ్యవస్థాపకులలోనూ ఎన్‌జీసీ స్థాపనలోనూ ఉన్నవాడే. పెట్టెలో ఉన్న నాణేన్ని మళ్లీ చూసి, చీటీ మీది అంకెకు అది నిజంగా తగినదైతే ఆకుపచ్చ బిళ్ల, అంకె కన్న మేలైనదైతే బంగారురంగు బిళ్ల అంటిస్తారు. పరీక్షకుణ్ణి పరీక్షించే పరీక్షకుడన్నమాట. ఆ బిళ్ల లేని నాణేనికి తప్పేమీ లేకపోయినా 'ఎందుకు రాలేదో' అన్న అనుమానం అంటుకుంది. 2023 నుండి ఆ వర్గమే స్వయంగా గ్రేడులు వేసి పెట్టెలు బిగించడం మొదలుపెట్టింది. ఇక వాళ్ల మీద బిళ్ల అంటించడానికి ఎవరు వస్తారో వేచి చూడాలి.

ఇప్పుడు కంచే చేను మేసే సంగతికి వస్తాను. పీసీజీఎస్ గ్రేడు వేస్తుంది. ఏ గ్రేడుకు ఎంత ధరో చెప్పే పట్టికనూ తానే ప్రచురిస్తుంది. ఖరీదైన నాణేలకు సంబంధించిన కొన్ని సేవలలో ఆ విలువ మీద 1 శాతం హామీ రుసుముగా తీసుకుంటుంది. అంటే అంకె పెరిగితే విలువ పెరుగుతుంది, విలువ పెరిగితే రుసుమూ పెరుగుతుంది. ఎవరి సేకరణ గొప్పదో పోటీపెట్టే రిజిస్ట్రీ పట్టికనూ తానే నడుపుతుంది. అందులోకి తన పెట్టెలోని నాణేలకే ప్రవేశం. పరీక్షకుడు, ధర నిర్ణేత, పందెం నిర్వాహకుడు అందరూ ఒక్కరే. ఈ పనివాళ్లు అవినీతిపరులని నేను అనడం లేదు. వారిలో గొప్ప కన్ను ఉన్నవారు ఎందరో ఉన్నారు. ఏర్పాటే వంకరగా ఉన్నదంటున్నాను. విద్యార్థి మార్కులను బట్టి ఉపాధ్యాయుడికి పారితోషికమిస్తే ఏమవుతుందో ఊహించండి. ఎంత నీతిమంతుడి ఎర్రసిరా అయినా కొంత పలచబడుతుంది.

ఈ అనుమానం నాకొక్కడికే కలిగినది కాదు. తమ గ్రేడింగు ఎప్పుడూ ఏకరీతిగా, నిష్పాక్షికంగా ఉంటుందన్న ప్రచారం మీద 1990లోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పీసీజీఎస్‌పై వ్యవహారం నడిపింది. అది రాజీ ఒప్పందంతో ముగిసింది. 2021లో పీసీజీఎస్ మాతృసంస్థను ఒక మదుపరుల బృందం సుమారు 85 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. అదే ఏడాది ఎన్‌జీసీ మాతృసంస్థలో అధికభాగాన్ని బ్లాక్‌స్టోన్ తీసుకుంది. అంత పెట్టుబడి పెట్టినవారు లాభం చూసుకోక మానరు, అందుకు వారిని తప్పుపట్టనక్కరలేదు. అయితే లాభం వచ్చే దారి ఒక్కటే: నాణేలు మళ్లీ మళ్లీ పరీక్షకు రావాలి. నియమం మారిన ప్రతిసారీ అవి వస్తాయి. పెట్టె పగలగొట్టి నాణేన్ని తీసి ఒక మెట్టు ఎక్కువ వస్తుందేమోనని మళ్లీ మళ్లీ పంపేవారు ఎందరో. పాత చీటీ తిరిగి పంపకపోతే ఒకే నాణెం సంస్థ లెక్కలలో రెండు మూడుసార్లు చేరుతుంది. ఎన్ని నాణేలున్నాయో చెప్పే ఆ జనాభా లెక్కల మీద ఆధారపడి అరుదైనదనుకుని కొనేవాడి గతి ఏమిటి?

ఇక మన సంగతి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు. కేంద్రప్రభుత్వం గాని, అది అధికారమిచ్చిన సంస్థ గాని తప్ప మరెవ్వరూ దాన్ని దేశం దాటించరాదు. మహబూబ్ అలీఖాన్ కాలపు హాలీ సిక్కా రూపాయలన్నీ ఈ గీత దాటిపోయాయి. ఉస్మాన్ అలీఖాన్ కాలపువి ఏటేటా దాటుతున్నాయి. 1911 నాటి జార్జి రూపాయి, రాజు అంగీ మీది ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవలు లేచి మరుసటి ఏడు బొమ్మను సరిదిద్దవలసి వచ్చిన ఆ 'పంది రూపాయి', ఎప్పుడో పురావస్తువైంది. కనుక మన సేకర్త తన తాతగారి నాణేన్ని ఫ్లోరిడాకో కాలిఫోర్నియాకో పంపి అంకె వేయించుకోవడం నేరం. అయితే విదేశాలలో ఏనాడో ఉండి, అక్కడ పెట్టెలో బిగిసిన మన నాణేలు మన వేలంపాటలలోకి తిరిగి వచ్చి భారీ ధరలు పలుకుతున్నాయి. ఇంట్లో ఉన్న నాణేనికి అంకె లేదు కనుక విలువ లేదన్న భావం పుడుతోంది. మనం అడుగుపెట్టలేని పరీక్షామందిరంలో, మనకు చెప్పకుండా మార్చే నియమాలతో మన నాణేల విలువ నిర్ణయమవుతోంది. ఇందులోని వైపరీత్యం మన సేకర్తల దృష్టికి ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

మన నాణేల బ్రతుకు వేరు. ఇక్కడ వెండి రూపాయిని లక్ష్మీపూజలో పసుపు కుంకుమలతో అర్చిస్తారు. చింతపండుతో తోమి మళ్లీ దాస్తారు. బంగారు కాసులకు కొక్కేలు అతికి కాసులపేరు చేయించి కోడలి మెడలో వేస్తారు. గ్రేడింగు చీటీ భాషలో ఇవన్నీ 'కడిగినది', 'నగ నుండి ఊడదీసినది'. అంటే తిరస్కృతి. ఒక జాతి నాణేన్ని ఎలా ప్రేమించిందో చెప్పే గుర్తులన్నీ ఆ కొలబద్ద మీద లోపాలే.

చివరిగా కోటిలింగాలను గుర్తు చేస్తాను. కరీంనగర్ ప్రాంతంలో గోదావరి ఒడ్డున దొరికిన అరిగిపోయిన నాణేలను పి. వి. పరబ్రహ్మశాస్త్రిగారు చదివారు. గోబద, నారన, సమగోప అన్న పేర్లు వెలుగు చూశాయి. శ్రీముఖుని పేరు నాణెం మీద కనబడింది. తెలుగు నేల తొలి చరిత్రను మరల ఆలోచించవలసి వచ్చింది. ఆ నాణేలను షెల్డన్ కొలబద్ద మీద పెడితే అట్టడుగు మెట్లు కూడా దాటేవి కావేమో. వాటికి విలువ తెచ్చినది చదవగల కన్ను.

అవతలి పక్షం వాదాన్ని విడిచిపెట్టడం న్యాయం కాదు. నకిలీలు వెల్లువలా వస్తున్నాయి, చైనాలో తయారైన కల్ల ట్రేడ్ డాలర్లను చూసి అనుభవజ్ఞులే మోసపోతున్నారు, పెట్టె లేకపోతే కొత్తవాడికి దిక్కేమిటి అంటారు. ఒప్పుకుంటాను. అసలుదా నకిలీదా అని తేల్చే పనిని నేను ఆక్షేపించలేదు. అది వాస్తవానికి సంబంధించినది, సాక్ష్యంతో నిరూపించవచ్చు. 66కూ 66 ప్లస్‌కూ తేడా అభిప్రాయానికి సంబంధించినది. మొదటిదాని గౌరవాన్ని అడ్డుపెట్టుకుని రెండోదాన్ని అమ్మడమే నా ఆక్షేపణ. జ్ఞానం పెరిగినకొద్దీ ప్రమాణాలు మారక తప్పదని ఇంకొక వాదం. తప్పక మారాలి. కాని మా మూల్యాంకన శిబిరంలో సమాధానాల సూచిక పత్రాలు దిద్దకముందే చేతికి వచ్చేది. సగం కట్టలు దిద్దిన తరువాత సూచిక మార్చవలసివస్తే ముందు దిద్దినవాటినీ మళ్లీ దిద్దేవాళ్లం. దానికి పిల్లవాడి దగ్గర ఫీజు వసూలు చేసేవాళ్లం కాదు.

అర్థశాస్త్రంలో రూపదర్శకుడనే అధికారి ఉంటాడు. నాణేలను పరీక్షించడం అతని పని. చెల్లవలసిన నాణేన్ని చెల్లదన్నా, చెల్లరానిదాన్ని చెల్లుతుందన్నా అతనికి పన్నెండు పణాల జరిమానా విధించాడు కౌటిల్యుడు. పరీక్షకుడి తప్పుకు పరీక్షకుడే మూల్యం చెల్లించాలన్న నియమం అంత పాతది. నేటి పద్ధతిలో నియమం మారిన ప్రతిసారీ మూల్యం చెల్లించేది నాణెం సొంతదారు.

కనుక ఆ సంస్థలు చేయవలసినవి నాలుగున్నాయి. చీటీ మీద పరీక్ష తేదీ, ఏ నియమావళి ప్రకారం చేశారో రాయాలి. నియమం మార్చితే, ఆ మార్పు వల్ల సందేహంలో పడిన పాత నాణేలను ఒకసారి ఉచితంగా మళ్లీ చూడాలి. రుసుముకూ నాణెం విలువకూ ముడి తెంచాలి. గ్రేడు తగ్గడానికి కారణమేమిటో ఒక వాక్యంలోనైనా చెప్పాలి. నలభై మంది పిల్లల తరగతిలో మేము ఆ పని చేశాం, వాళ్లకు చేతగాకపోదు.

సేకర్తలు చేయవలసినది ఒక్కటే. కొనేముందు చీటీని బొటనవేలితో మూసి నాణేన్ని చూడండి. అంచు, అక్షరం, అరుగుదల, రంగు, బరువు చూడండి. నచ్చితే కొనండి. ఇంట్లో పిల్లలుంటే వాళ్ల చేతిలో ఒక పాత కానీ పెట్టి దాని మీద ఏముందో చదవమనండి. ఆ చదువు వచ్చినవాడికి ఏ సంస్థ ఏ నియమం మార్చుకున్నా నష్టం లేదు.

నాతో ఏకీభవించనివారు తప్పక వ్యాఖ్య రాయండి. పెట్టెలు ఇష్టపడే మిత్రులు ఒకరిద్దరున్నారని తెలుసు. వారి వాదం వినాలనే ఉంది.

స్వస్తి.